కొత్త బ్లేడ్ సరే, నిప్పర్ సంగతేంది?

నల్లగొండ జిల్లా నిడమనూరులో సెలూన్ కుర్చీలో కూర్చున్న మనిషిని కాసేపు గమనించండి. మెడకు గుడ్డ కట్టి, చెంపలకు నురగ పూసేదాకా ఫోన్లోంచి తలెత్తడు. కత్తి బయటికి రాగానే మాత్రం ఫోన్ పక్కన పెట్టి, "కొత్త బ్లేడ్ వెయ్యన్నా" అంటాడు. సెలూన్ అన్న అప్పటికే కాగితం విప్పి ఉంటాడు. బ్లేడును రెండు ముక్కలుగా విరిచి, సగాన్ని కత్తిలో బిగించి, అది అద్దంలో కనపడేలా చెయ్యి కాస్త పైకెత్తుతాడు. ఈ తంతు పూర్తికానిదే గడ్డం మొదలవదు.

అదే ఇంటి ఆడమనిషి మేనకోడలి పెళ్లికని మిర్యాలగూడ పార్లర్‌కు వెళుతుంది. టబ్బులో గోరువెచ్చని నీళ్లు, షాంపూ నురగ, నాలుగు గులాబీ రేకులు. పదిహేను నిమిషాలు కాళ్లు నానాక పార్లర్ అక్క ట్రేలోంచి నిప్పర్ తీస్తుంది. చిన్న పట్టుకారులా ఉండే ఆ పనిముట్టుతో గోరు మొదట్లోని తోలును సన్నగా కత్తిరించుకుంటూ పోతుంది. ఎక్కడైనా చుక్క రక్తం వస్తే దూదితో అద్ది, ఏమీ కానట్టు పక్కవేలికి వెళుతుంది. ఈమె అడిగేది ఒక్కటే: "అక్కా, ఆ కొసల తోలు గూడ నీట్‌గ తియ్యరాదూ." ఆ నిప్పర్ పొద్దుటినుంచి ఎవరెవరి వేళ్ల మీద నడిచిందో అడగదు. అడగాలన్న ఊహే రాదు.

ఒకే ఊరు, ఒకే ఇల్లు. మగవాడి గడ్డానికి ఒక నియమం, ఆడమనిషి గోటికి ఇంకొకటి. ఈ తేడా ఎలా వచ్చిందో తెలియాలంటే ముందు బ్లేడు కథ చెప్పుకోవాలి.

1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని నిర్మల కలిసి దేశంలో మొదటి హెచ్‌ఐవి కేసులను బయటపెట్టారు. తర్వాతి పదిపదిహేనేళ్లలో ఎయిడ్స్ మాట గోడరాతలతో, రేడియో ప్రకటనలతో పల్లెల దాకా పాకింది. సూది, బ్లేడు అన్న రెండు మాటలు జనం బుర్రలో దిగిపోయాయి. అంతవరకు ఒకే కత్తిని రాతి మీద నూరి, తోలుపట్టీ మీద సానపట్టి ఊరందరికీ వాడేవారు. ఆ పద్ధతి పోవడానికి జీవోల కంటే భయమే ఎక్కువ పనిచేసింది. కూర్చున్నవాడు అడిగాడు, నిలబడ్డవాడు మారాడు.

ఇందులో ఒక తమాషా ఉంది. హెచ్‌ఐవి ఒంటి బయట చాలా బలహీనం. రక్తం ఆరిపోతే త్వరగా దెబ్బతింటుంది. గడ్డం కత్తితో అది అంటుకోవడం బహు అరుదు. హెపటైటిస్ బి వైరస్ అలాంటిది కాదు. ఇనుము మీద, చెక్క మీద ఆరిపోయిన రక్తంలో కూడా కనీసం 7 రోజులు బతికి ఉండి, అవకాశం దొరికితే అంటుకోగలదు. అందుకు కంటికి ఆననంత రక్తం చాలు. కొందరి ఒంట్లో ఎన్నో ఏళ్లు చప్పుడు లేకుండా ఉండి, చివరికి కాలేయాన్ని తినేస్తుంది. అంటే కొత్త బ్లేడ్ అడిగిన మన మగవాళ్లు ఒక శత్రువుకు భయపడి, పేరు కూడా తెలియని మరో శత్రువు నుంచి తప్పించుకుంటూ వచ్చారు. ఆ రెండో శత్రువుకు నిప్పర్ అంటే ఇంకా ఇష్టం. బ్లేడు పలచని రేకు, రెండు ముఖాలూ తెరిచే ఉంటాయి. నిప్పర్‌కు రెండు దవడలు, వాటి మధ్య ఒక కీలు, స్ప్రింగు. చిన్న తోలుముక్క, చెమ్మ, రక్తపు తడి ఆ కీలులోకి దూరితే పైపైన తుడిచే స్పిరిట్ దూది అక్కడికి చేరదు.

ఇంతకీ పార్లర్‌లో ఆమె తీయించుకున్న ఆ తోలు ఏమిటి?

అది తెలియాలంటే ముందు గోరు ఎలా పెరుగుతుందో చూడాలి. దానికి మైక్రోస్కోపు అక్కర్లేదు, ఆషాఢంలో గోరింటాకు పెట్టుకుంటే చాలు. ఆకులోని లాసోన్ అనే రంగు పదార్థం గోటిలోని కెరాటిన్ ప్రొటీనుకు అతుక్కుపోతుంది. చర్మం మీది ఎరుపు రెండు వారాల్లో వెలిసిపోతుంది, ఎందుకంటే పై చర్మం రాలిపోయి కొత్తది వస్తుంది. గోరు రాలదు, ముందుకు జరుగుతుంది. శ్రావణం వచ్చేసరికి గోరు మొదట్లో రంగులేని సన్నని గీత తెల్లగా బయటపడుతుంది. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ లెక్కన దీపావళి నాటికి ఎరుపంతా గోటి కొసన నెలవంకలా మిగులుతుంది. మన అమ్మమ్మలు ఏటా చేసిన ఈ ప్రయోగాన్ని ప్రయోగం అని ఎవరూ అనలేదు గానీ, గోరు పెరుగుదలను కొలవడానికి ఇంతకన్నా అందమైన స్కేలు నాకు తెలియదు.

పెరుగుదల మొదలయ్యేది చర్మం కింద. గోరు పునాది వెనక దాక్కుని ఒక మెత్తని కణజాలం ఉంటుంది, దాన్ని మేట్రిక్స్ అంటారు. బొటనవేలి గోటి అడుగున తెల్లని అర్ధచంద్రం కనపడుతుందే, అది ఆ మేట్రిక్స్ బయటికి తొంగిచూసే భాగమే. అక్కడ పుట్టిన కణాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, చచ్చి, గట్టిపడి, పలకలా ముందుకు వస్తాయి. ఆ పలక చర్మం కిందనుంచి బయటికొచ్చేచోట సహజంగా ఒక సందు ఉండాలి. మూయకపోతే ప్రతి నీటిబొట్టూ నేరుగా మేట్రిక్స్‌లోకి దిగుతుంది. ఆ సందును మూసే అంటునే క్యూటికల్ అంటారు. పార్లర్‌లో "డెడ్ స్కిన్" అంటున్నది దాన్నే. అది చచ్చిన కణాలతో చేసినదన్నది నిజమే. కిటికీ అద్దం చుట్టూ పెట్టే లప్పం కూడా ప్రాణమున్నదేమీ కాదు కదా, అది ఊడితే వాన ఇంట్లోకి రాదా?

ఆ అంటు పోతే ఏమవుతుందో నిడమనూరు పొలాల్లో ఎవర్నడిగినా చెప్తారు. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింది ఈ నేల వరినేల అయింది. మిర్యాలగూడలో రైస్ మిల్లులు వరసకట్టాయి. నీళ్లున్న ఏడాదిలో వానాకాలం ఒకసారి, యాసంగి ఒకసారి నాట్లు. నాటు వేసే ఆడవాళ్ల చేతులు తెల్లారి నుంచి పొద్దుగూకేదాకా బురదనీళ్లలోనే. గోరు చుట్టూ తోలు నాని, ఉబ్బి, అంటు విడిపోతుంది. ఆ సందులో నీరు చేరుతుంది, నీటి వెంట సూక్ష్మజీవులు. వేలు ఎర్రబడి, వాచి, రాత్రంతా గుంజుతూ నిద్రపట్టనివ్వదు. అదే గోరుచుట్టు. దానిమీద రోకటిపోటు పడితే ఎలా ఉంటుందో సామెత పుట్టించినవాళ్లకు బాగానే తెలుసు. నిమ్మకాయకు బొక్క పెట్టి, కాస్త పసుపు వేసి వేలికి తొడగడం పాత ఇంటివైద్యం. పైపైన చల్లగా హాయిగా ఉంటుందేమో, లోపల చీము పట్టినప్పుడు మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లి తీయించుకోవాల్సిందే.

వైద్యులు దీన్ని రెండు రకాలుగా చూస్తారు. హఠాత్తుగా వచ్చి చీముపట్టేది ఒకటి, ఎక్కువగా స్టెఫిలోకాకస్ బ్యాక్టీరియా పని. ఆరు వారాలకు మించి తగ్గీ తగ్గకుండా సాగేది రెండోది. అంట్లు తోమేవాళ్లు, హోటల్ పనివాళ్లు, నాటుకూలీలు, ఎప్పుడూ తడిలో ఉండే చేతులన్నీ దాని బాధితులే. ఈ రెండోదానిలో అసలు దోషి తడే. తడి క్యూటికల్‌ను చెరిపేస్తే కాండిడా అనే బూజు తర్వాత వచ్చి కూర్చుంటుంది. అంటే నాటుకూలీకి మూడు వారాల బురద చేసిన పనిని పార్లర్ నిప్పర్ అరగంటలో చేస్తుంది. పొలంలో అది బతుకుతెరువు కోసం. ఇక్కడ డబ్బిచ్చి చేయించుకుంటున్నాం.

పార్లర్ అక్కను తప్పుపట్టేముందు కాస్త ఆగాలి. క్యూటికల్ కత్తిరించకూడదని, నానబెట్టి మెల్లగా వెనక్కి నెడితే చాలునని చర్మవైద్యులు ఎప్పటినుంచో చెప్తున్నారు. ఐటీఐల్లో కాస్మెటాలజీ అనే ఏడాది కోర్సు ఉంది, పనిముట్ల శుభ్రత దాని పాఠాల్లో ఒకటి. మన చిన్న టౌన్లలో చాలామంది పని నేర్చుకునేది మాత్రం ఇంకో పార్లర్‌లో రెండుమూడేళ్లు సాయం చేసి. అయినా సంగతి తెలిసినవాళ్లు కూడా కత్తిరించక తప్పడం లేదు. కత్తిరించకపోతే "పని సరిగ్గ చెయ్యలేదు" అని పక్క పార్లర్‌కు పోతాం. గోరు చుట్టూ గీసినట్టు నీట్‌గా ఉండాలి, కాలి మడమ అద్దంలా మెరవాలి, టబ్బులో నురగ పొంగాలి, గది సువాసన రావాలి, గోడకు నీలిరంగు లైటు పెట్టె వెలగాలి. ఇవీ మన ఆశలు. వీటిలో ఒక్కటి కూడా శుభ్రతకు కొలబద్ద కాదు. కొన్నయితే శుభ్రతకు ఎదురే.

నురగ పొంగే టబ్బు సంగతే తీసుకోండి. 2000 సెప్టెంబరులో ఉత్తర కాలిఫోర్నియాలోని ఒక డాక్టరు దగ్గరికి నలుగురు ఆడవాళ్లు ఒకే రకం గడ్డలతో వచ్చారు. మోకాలి కింద సెగగడ్డల్లాంటివి, మామూలు పరీక్షలో ఏ బ్యాక్టీరియా దొరకదు, మందులకు లొంగవు. నలుగురూ ఒకే నెయిల్ సెలూన్లో పెడిక్యూర్ చేయించుకున్నవాళ్లు. ఆరోగ్యశాఖ వాళ్లు తవ్వుకుంటూ పోతే ఆ ఒక్క షాపు కస్టమర్లలో 110 మందికి గడ్డలు తేలాయి. ఒకామెకు 37 గడ్డలు. కారణం మైకోబ్యాక్టీరియమ్ ఫార్చూయిటమ్, క్షయ క్రిమికి దూరపు చుట్టం. మామూలు కుళాయి నీళ్లలో, మట్టిలో ఉండేదే. షాపులో ఉన్న 10 ఫుట్‌బాత్‌లలోనూ దొరికింది. నీటిని సుడులు తిప్పే ఆ టబ్బుల్లో నీళ్లు లాగే జాలీ వెనక వెంట్రుకలు, చర్మం పొట్టు, సబ్బు జిడ్డు పేరుకుని ఉన్నాయి. పైకి టబ్బు తళతళలాడుతోంది. జాలీ వెనక క్రిములకు వసతి, భోజనం రెండూ దొరికాయి.

ఆ పరిశోధన 2002లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. అందులో నన్ను అన్నిటికన్నా ఆపేసిన అంకె టబ్బుది కాదు, రేజరుది. గడ్డలు వచ్చినవాళ్లలో 70 శాతం మంది పెడిక్యూర్‌కు ముందు కాళ్లు షేవ్ చేసుకున్నారు. రానివాళ్లలో అలా చేసింది 31 శాతమే. రేజరు చేసే గీతలు కంటికి కనపడవు, క్రిమికి అవే ద్వారాలు. ఇప్పుడు మన పెళ్లి ప్యాకేజీ వరస గుర్తు తెచ్చుకోండి. ముందు వ్యాక్సింగ్, తర్వాత పెడిక్యూర్, రెండూ ఒకే పూట. వ్యాక్స్ వెంట్రుకను వేరుతో సహా పీకుతుంది, దాని కుదురు నోరు తెరిచే ఉంటుంది. నోరు తెరిచిన కాళ్లను తీసుకెళ్లి నలుగురు కాళ్లు పెట్టిన టబ్బులో ముంచుతున్నాం. వరస తిప్పితే చాలు, ముందు పెడిక్యూర్, ఒకటి రెండు రోజుల తర్వాత వ్యాక్సింగ్. దీనికి పైసా ఖర్చు లేదు.

అది ఒక్క షాపు పాపమా అని కాలిఫోర్నియాలో 18 సెలూన్లలోని 30 ఫుట్‌బాత్‌లను పరీక్షించారు. 29 టబ్బుల్లో మైకోబ్యాక్టీరియా దొరికాయి. 2004లో శాన్ హోజే ప్రాంతంలో మళ్లీ ఇలాంటి గడ్డలే వచ్చాయి. శాన్ హోజే అంటే మనవాళ్లు దండిగా ఉండే చోటు, నల్లగొండ నుంచి వెళ్లిన సాఫ్ట్‌వేర్ పిల్లలూ శనివారం ఆ కుర్చీల్లో కూర్చునేవాళ్లే. అక్కడ ఇప్పుడు ప్రతి కస్టమర్ తర్వాత టబ్బు ఖాళీచేసి, తోమి, క్రిమినాశిని పోసి ఉంచాలి. రోజూ జాలీ ఊడదీసి కడగాలి. ఎప్పుడు కడిగారో పుస్తకంలో రాసి, అడిగినవాళ్లకు చూపించాలి.

ఇక్కడ మన చిన్న పార్లర్ల వైపు ఒక మంచి మాట. కోదాడలో, హాలియాలో ఎక్కువచోట్ల ఉండేది మామూలు ప్లాస్టిక్ టబ్బు. దానికి మోటారు లేదు, పైపు లేదు, జాలీ లేదు. బోర్లించి సబ్బుతో తోమితే ప్రతి మూలా చేతికి అందుతుంది. హైదరాబాదు మాల్‌లోని సింహాసనం లాంటి కుర్చీ కన్నా, తోమి ఎండలో ఆరబెట్టిన ఆ ప్లాస్టిక్ టబ్బుకే నేను కాలు ఇస్తాను. తోమితేనే సుమా.

ఇక నీలిరంగు పెట్టె. దాన్ని చూస్తే కస్టమర్‌కు ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నంత నమ్మకం. అతినీల లోహిత కిరణాలు క్రిములను చంపే మాట నిజమే, అది 254 నానోమీటర్ల దగ్గరి కిరణాల సంగతి. ఆ కిరణం మన కంటికి కనపడదు. మనకు కనపడే నీలివెలుగు ఆ దీపంలోనూ ఉంటుంది, ఉత్త నీలి బల్బులోనూ ఉంటుంది. కాబట్టి రంగు చూసి తేల్చలేం. పైగా కిరణం సూటిగా పడ్డచోటే పనిచేస్తుంది. నీడలో ఉన్న క్రిమికి ఏమీ కాదు. నిప్పర్ కీలు లోపల, ఫైలర్ గరుకుల మధ్య, ఒకదానిమీద ఒకటి పడేసిన కత్తెరల కింద, అంతా నీడే. శుభ్రం చేసిన వస్తువును దాచుకోవడానికి ఆ పెట్టె పనికొస్తుంది. మురికి వస్తువును శుభ్రం చేయడానికి పనికిరాదు.

మరి ఏం చేయాలి? 1950ల్లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఎర్ల్ స్పాల్డింగ్ ఆసుపత్రుల కోసం ఒక తేలిక సూత్రం చెప్పాడు. వస్తువు ఎంత ఖరీదైనదని కాదు, ఒంట్లో ఎంత లోతుకు వెళుతుందని చూడు. మామూలు చర్మాన్ని తాకేదానికి కడిగి క్రిమినాశిని పూస్తే చాలు. చర్మం చీల్చి రక్తం దాకా పోయేదానికి ఏ క్రిమీ మిగలని స్టెరిలైజేషన్ కావాలి. ఈ సూత్రాన్ని పార్లర్ ట్రే మీద పెట్టి చూడండి. టబ్బు, టవల్ మొదటి వర్గం. నిప్పర్, మడమ గీకే బ్లేడు రెండోది. మనం రెండిటినీ ఒకే దూదితో తుడుస్తున్నాం.

స్టెరిలైజేషన్ అనగానే లక్షల యంత్రం అనుకోనక్కర్లేదు. 1879లో పారిస్‌లో పాశ్చర్ శిష్యుడు చార్లెస్ షాంబర్లాండ్ చేసిన ఆటోక్లేవ్‌కూ మన వంటింటి ప్రెజర్ కుక్కర్‌కూ తాత ఒక్కడే, దెనీ పాపిన్ 1679లో చేసిన ఆవిరి కుండ. మూత బిగిస్తే ఆవిరి పీడనం పెరిగి నీళ్లు 100 డిగ్రీల దగ్గర కాక 121 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఆ వేడి ఆవిరిలో 15 నుంచి 20 నిమిషాలు ఉంటే బ్యాక్టీరియాల మొండి బీజాలు కూడా చస్తాయి. టీకాలకు గాజు సిరంజీలు వాడిన కాలంలో ఊళ్లకు వచ్చిన నర్సమ్మలు సూదులను ఇలాంటి కుక్కర్ మాదిరి డబ్బాల్లోనే ఉడికించేవారు. అదీ లేకపోతే శుభ్రంగా తోమిన నిప్పర్‌ను 20 నిమిషాలు సలసల మరిగించినా హెపటైటిస్ బి వైరస్ మిగలదు. కొన్ని బ్యాక్టీరియాల బీజాలు మిగులుతాయి, అది ఒప్పుకోవాలి.

ఇందులో అందరూ దాటేసే మెట్టు ఒకటి ఉంది, తోమడం. పాలగిన్నె జిడ్డు మీద ఎంత వేడినీళ్లు పోసినా జిడ్డు పోదని ప్రతి ఇల్లాలికీ తెలుసు. నిప్పర్ కూడా అంతే. చర్మం, నూనె, రక్తం అంటుకుని ఉంటే బ్లీచింగ్ ద్రావణంలోని క్లోరిన్ ముందు ఆ మురికితో కలిసి ఖర్చయిపోతుంది, క్రిమి దాకా రాదు. పాత టూత్‌బ్రష్, సబ్బునీళ్లు, నిప్పర్ నోరు తెరిచి రెండు నిమిషాలు రుద్దడం. శుభ్రతలో సగం ఇక్కడే అయిపోతుంది. మిగతా సగం ఓపిక. సానిటైజర్ పిచికారీ చేసి వెంటనే టిష్యూతో తుడిస్తే మిగిలేది వాసనే. స్పిరిట్ పనిచేయాలంటే వస్తువు కొన్ని నిమిషాలు తడిగా ఉండాలి. 70 శాతం ఆల్కహాలు 99 శాతం కన్నా మేలు అంటారు, అదేదో పొదుపు మాట కాదు. నీళ్లు కలిస్తేనే క్రిమి ప్రొటీన్లు సరిగ్గా విరిగిపోతాయి. చిక్కని ఆల్కహాలు క్షణంలో ఆవిరైపోయి, పై పొరను గడ్డకట్టించి లోపలిది వదిలేస్తుంది.

తోమినా, ఉడికించినా బాగుపడని వస్తువులు కొన్ని ఉన్నాయి. ఇసుక కాగితం అంటించిన ఫైలర్, స్పాంజిలాంటి బఫర్, మడమ రుద్దే రాయి, పుల్ల. వీటి నిండా రంధ్రాలే. ఒకరికి వాడి పారేయాలి, లేదా వాళ్లకే ఇచ్చి పంపాలి. ఫైలర్ ఖరీదు ఎంతని? ఒక టీ ఖర్చు అటూఇటూ. అయినా పది మందికి అదే ఫైలర్ నడుస్తోందంటే, పిసినారితనం అనను. ఎవరూ అడగలేదు కాబట్టి ఆ ఖర్చు బిల్లులో ఎక్కడ రాయాలో పార్లర్ అక్కకు తెలియదు. సెలూన్ అన్న సగం బ్లేడు ఖర్చును గడ్డం రేటులో ఏనాడో కలిపేసుకున్నాడు, మనం కట్టేస్తూనే ఉన్నాం.

జెల్ గోళ్ల మాట రెండు ముక్కల్లో చెప్తాను. అవి ఇప్పుడు కోదాడ, సూర్యాపేట పెళ్లికూతుళ్ల వేళ్ల మీదికీ వచ్చాయి. గోటికి పూసే ఆ జిగురు అక్రిలేట్ అనే పదార్థం, దీపం కింద పెడితే గట్టిపడుతుంది. పంటి వైద్యులు వాడే పదార్థానికి ఇది దగ్గరి బంధువు. 1950ల్లో అమెరికాలో ఒక దంతవైద్యుడు తన విరిగిన గోటికి పంటి అక్రిలిక్‌తోనే అతుకు వేసుకున్నాడని అంటారు. గట్టిపడ్డాక అది నిరపాయం. పూర్తిగా గట్టిపడని జిగురు చర్మానికి తగిలితేనే పేచీ. పదేపదే తగిలితే అలర్జీ వస్తుంది, ఒకసారి వస్తే జన్మంతా పోదు. ఆ అలర్జీ ఉన్నవాళ్లకు రేపు పన్ను కట్టించుకునేటప్పుడు, ఎముకల సిమెంటు వాడేటప్పుడు కూడా చిక్కే. అందుకే ఐరోపాలో హెమా అనే అక్రిలేట్ ఉన్న జెల్లును శిక్షణ ఉన్నవాళ్లే వాడాలన్నారు. టీపీవో అనే మరో పదార్థాన్ని 2025 సెప్టెంబరు 1 నుంచి సౌందర్య సాధనాల్లో పూర్తిగా నిషేధించారు. ఆన్‌లైన్‌లో కిట్ తెప్పించుకుని ఇంట్లో చెల్లికి పూసే అమ్మాయిలు ఒక్కటి గుర్తుంచుకుంటే మేలు: జిగురు గోటి మీదే, చర్మం మీద కాదు. అతికించిన గోరు ఒక పక్క లేస్తే దానికింద తడి చేరి సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, గోరు ఆకుపచ్చగా మారుతుంది. దాన్ని కప్పడానికి మళ్లీ రంగు వేయమని అడిగితే వేసేవాళ్లు ఉన్నారు. వేయకుండా తీసేసి డాక్టరు దగ్గరికి పంపే పార్లర్ దొరికితే వదలకండి.

షుగరు ఉన్నవాళ్ల మాట వేరు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే లెక్కన దేశంలో 10 కోట్లమందికి పైగా మధుమేహం ఉంది. అంటే పార్లర్‌లో కాలు చాపే నడివయసు ఆడవాళ్లలో చాలామందికి అది ఉండే ఉంటుంది, కొందరికి ఉన్నట్టే తెలియదు. ఏళ్లు గడిచిన షుగరు పాదాల నరాలను మొద్దుబారుస్తుంది. నీళ్లు కాలుతున్నా తెలియదు, నిప్పర్ లోతుకు దిగినా నొప్పి ఉండదు. చిన్న గాటు పుండై, పుండు ముదిరి వేలు తీసేయాల్సి రావడం ఏ పెద్దాసుపత్రిలోనైనా చూడవచ్చు. వీళ్లకు నానబెట్టడం, మడమ గీకడం, క్యూటికల్ తీయడం మూడూ వద్దు. గోరును మూలల్లోకి గుండ్రంగా కాక అడ్డంగా, తిన్నగా కత్తిరిస్తే చాలు. "షుగరుందా అమ్మా?" అని పార్లర్ అక్క ముందే అడిగితే కస్టమర్ చిన్నబుచ్చుకోకూడదు. ఆ ఒక్క ప్రశ్నే ఆ షాపు ఎలాంటిదో చెప్పేస్తుంది.

తన రక్షణ కోసం అడగాల్సినవాళ్లు ఇంకొకరున్నారు, పార్లర్ అక్క. రోజంతా ఆమె చేతులూ తడిలోనే, అసిటోన్‌లోనే. నాటుకూలీకి వచ్చే గోరుచుట్టు ఆమెకూ వస్తుంది. పది మంది రక్తం తాకే అవకాశం కస్టమర్ కన్నా ఆమెకే ఎక్కువ. హెపటైటిస్ బి టీకా పెద్దవాళ్లకు మూడు డోసులు, ఆరు నెలల్లో పూర్తవుతాయి. సెలూన్ అన్నకూ, పార్లర్ అక్కకూ అది చేతి పనిముట్టంత అవసరం.

ఇంతా చదివాక కూడా మేనకోడలి పెళ్లికి ఎవరూ పార్లర్ మానరు, మానాల్సిన అవసరమూ లేదు. పోయేటప్పుడు సంచిలో సొంత ఫైలర్, నిప్పర్ పెట్టుకుపోతే అదేమీ అవమానం కాదు. లేదంటే కుర్చీలో కూర్చోగానే "అక్కా, నిప్పర్ ఉడికించినవా?" అని ఒక్కసారి అనండి. మొదటిరోజు ఆమె మొహం మాడ్చుకోవచ్చు. కొత్త బ్లేడ్ అడిగిన మొదటి మనిషిని కూడా సెలూన్ అన్న అలాగే చూసి ఉంటాడు.

అడగకపోతే? మాఘమాసం పెళ్లికని వెళ్లిన పార్లర్ టబ్బులోంచి కాలిబొటనవేలికి బూజు అంటిందే అనుకుందాం. మొదట ఓ మూల పసుపుపచ్చ మరక, తర్వాత గోరు మందంగా, పెళుసుగా, పొడిపొడిగా. మందులషాపులో ఇచ్చే ఏదో ఒక మలాం గోటి పలకను దాటి లోపలికి పోలేదు. టెర్బినఫిన్ మాత్ర కాలిగోటికైతే 12 వారాలు వేసుకోవాలి, అదీ డాక్టరు చూసి చెప్పాక. మందు బూజును చంపుతుంది గానీ పాడైన గోటిని బాగుచేయదు. కొత్త గోరు మేట్రిక్స్ నుంచి పుట్టి ముందుకు జరిగిరావాల్సిందే. చేతిగోటికి ఆషాఢం నుంచి దీపావళి దాకా పట్టే ప్రయాణం కాలిబొటనవేలికి 12 నుంచి 18 నెలలు. ఈ మాఘంలో అంటినదానికి శ్రావణంలో మందు మొదలుపెడితే, వచ్చే మాఘం నాటికి కూడా గోటి కొసన పసుపు మిగిలే ఉంటుంది.